పై షడ్జం దాటాక గొంతు బిగుస్తుంటే: స్ట్రా, లిప్ ట్రిల్, మంద్రం, అకారం – ఎవరికి ఏ సాధన

కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళి వరుసలు, జంట వరుసలు హాయిగా సాగిపోతాయి. హెచ్చుస్థాయి వరుసలకు వచ్చేసరికి కథ మారుతుంది. పై షడ్జం మీద ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) నిలబడి, ఆ వెంటనే ‘ద ని స రి’ అనగానే గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు తేలతాయి, రిషభం అందీ అందనట్టు వచ్చి పోతుంది. దీనికి విరుగుడుగా వినిపించే సలహాలకు లెక్కే లేదు. ప్రాణాయామం చెయ్యమని ఒకరు, తెల్లవారుజామున మంద్రం (కింది స్థాయి) పట్టమని ఇంకొకరు, స్ట్రా ఊదమని యూట్యూబు, గట్టిగా అరిచి పాడితే గొంతు అదే తెరుచుకుంటుందని పక్కింటి పెద్దాయన. చివరిది తప్ప వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ఒక్కోటి ఒక్కో లోపానికి పనికొస్తుంది. లోపం ఊపిరిలో ఉందా, గొంతు బిగించడంలో ఉందా, గొంతు ఒక తీరు నుంచి ఇంకో తీరుకు మారే చోట ఉందా అన్నది తేల్చుకోకుండా సాధన మొదలుపెడితే ఆరు నెలలైనా ఉన్నచోటే ఉంటారు.

ఒక్క మాట ముందే చెప్పేస్తే మంచిది. ‘తారస్థాయిలో (పై షడ్జం నుంచి పైన) ఊపిరి చాలట్లేదు’ అనుకునేవాళ్ళలో చాలామందికి నిజానికి ఊపిరి ఎక్కువైంది. ఎలాగో కింద వస్తుంది.

ముందు లోపం ఎక్కడుందో చూడండి

మొదటి పరీక్ష శ్రుతి మార్చి చూడడం. మగవాళ్ళు తంబురా యాప్‌లో శ్రుతిని (ఆధార షడ్జాన్ని) రెండు (D) నుంచి ఒకటి (C)కి దించి అదే వరుస మళ్ళీ పాడండి. ఇదివరకు తార మధ్యమం దగ్గర తన్నుతున్న గొంతు ఇప్పుడు మధ్యమం దాటేసి పంచమం దగ్గర తన్నిందనుకోండి. స్వరం మారింది గానీ హార్మోనియం మీద మెట్టు మారలేదు. రెండు శ్రుతికి తార మధ్యమం, ఒకటి శ్రుతికి తార పంచమం ఒకే మెట్టు, సుమారు 392 హెర్ట్జ్. అంటే మీ గొంతుకు అతుకు (తీరు మారే చోటు) అక్కడుంది, అది శ్రుతితో పాటు జరగదు. అలా కాక, శ్రుతి ఎంత దించినా ప్రతి వాక్యం చివరి నాలుగు స్వరాల్లోనే ధ్వని పలచబడుతుంటే అది ఊపిరి సంగతి. శ్రుతి ఒక మెట్టు దించగానే ఇబ్బంది మొత్తం మాయమైతే మీకు కావలసింది సాధన కాదు, ఆ దించిన శ్రుతే.

రెండోది, ఇబ్బంది పెట్టే ఆ స్వరాన్నే పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతోంది అనుకుని పాడడం. చిన్న గొంతుతో అందుతూ, పెద్ద గొంతుతో పగులుతుంటే మీరు గాలిని తోస్తున్నారు. గట్టిగా అరిస్తేనే అంది, మెల్లగా అసలు పలకకపోతే కింది స్థాయి బరువును అలాగే పైకి మోసుకెళ్తున్నారు. రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరు.

మూడో పరీక్షకు గడియారం చాలు. ఒక గుక్కలో ‘స్స్స్’ అని ఎన్ని సెకన్లు లాగగలరో చూడండి. కాసేపు ఆగి, ‘జీరో’ అనేటప్పుడు వచ్చే ‘జ్’ను అదే గుక్కలో లాగండి. మొదటిదానిలో గొంతు పలకదు, గాలి మాత్రమే. రెండోదానిలో స్వరతంత్రులు కంపిస్తాయి. రెండూ దాదాపు సమానంగా రావాలి. ‘స్’ 21 సెకన్లు వచ్చి ‘జ్’ 15 దగ్గరే ఆగిపోతే, అంటే 1.4 రెట్లు తేడా ఉంటే, ఊపిరితిత్తుల్లో లోటు లేదు, తంత్రుల దగ్గర గాలి కారిపోతోంది. జలుబు లేని రోజున, మూడుసార్లు చేసి మంచిది తీసుకోండి. వారం తర్వాత కూడా అదే తేడా ఉంటే సాధన సంగతి పక్కనపెట్టి ఇ.ఎన్.టి. డాక్టరుకు గొంతు చూపించుకోవాలి.

శ్రుతి: ఖర్చులేని మొదటి మార్పు

ఒకటి శ్రుతిలో పాడే మగవాడికి కింది షడ్జం 131 హెర్ట్జ్, పై షడ్జం 262, తార పంచమం 392. మగ గొంతు సాధారణంగా 290 నుంచి 390 మధ్య ఎక్కడో తీరు మార్చుకుంటుంది. అంటే ఒకటి శ్రుతివాడికి అతుకు తార రిషభం నుంచి పంచమం దాకా ఉన్న మేరలో పడుతుంది. అదే రెండు శ్రుతికి వెళ్తే పై షడ్జమే 294. అతుకు షడ్జం మీదే మొదలైనట్టు. గురువుగారిది రెండు కాబట్టి నాదీ రెండు అని పట్టుకున్న శిష్యుడు, ఏళ్ళ తరబడి నిలబడాల్సిన స్వరాన్ని తన గొంతులో అన్నిటికంటే బలహీనమైన చోట పెట్టుకున్నాడన్నమాట.

ఆడవాళ్ళ లెక్క ఇంకో రకం. ఐదున్నర శ్రుతిలో షడ్జం 208, పంచమం 311, పై షడ్జం 415, తార పంచమం 622. ఛాతీ గొంతు (కింది స్వరాలకు వాడే బరువైన గొంతు) తేలికపడాల్సిన చోటు సుమారు 300 నుంచి 440 మధ్య. అంటే మధ్యస్థాయి పంచమం నుంచి పై షడ్జం దాటేవరకు. చాలామంది ఆ మేరంతా కింది బరువుతోనే ఎక్కేస్తారు. పై షడ్జం దాకా అది గంభీరంగానే వినిపిస్తుంది, సభలో మెచ్చుకోలూ వస్తుంది. తార గాంధారానికి వచ్చేసరికి ఇక సాగదు, గొంతు టక్కున చీలుతుంది. వాళ్ళు ఆ గాంధారాన్ని పట్టుకుని రోజూ నలభైసార్లు కొడతారు. తార గాంధారం దగ్గర పగిలే గొంతును బాగుచెయ్యాల్సింది ధైవతం దగ్గర. ధైవతం నుంచే బరువు కొంచెం కొంచెం వదులుతూ పోతే గాంధారం తనంతట తనే వస్తుంది.

శ్రుతి ఎంచుకోవడానికి పాత కొలత ఇప్పటికీ బాగానే ఉంది: మంద్ర పంచమం వినబడాలి, తార పంచమం అరవకుండా అందాలి. రెండూ కుదరకపోతే పైదానికి మొగ్గు చూపండి. మంద్ర పంచమం మైకుతో నెట్టుకురావచ్చు, తార పంచమం కుదరదు.

స్ట్రా, లిప్ ట్రిల్: రెండూ ఒకటి కావు

వీటిని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. రెండింటిలోనూ నోటి చివర దారి సన్నగా ఉంటుంది, వెనక్కి కొంత ఒత్తిడి తన్నుతుంది, దానివల్ల స్వరతంత్రులు ఒకదానికొకటి బలంగా కొట్టుకోకుండా, తక్కువ శ్రమతో కంపిస్తాయి. ఇదంతా నిజమే. ఫిన్లాండులో ఆంటి సోవియార్వి 1960లలోనే గాజు గొట్టం కొసను నీళ్ళలో ముంచి ఊదించే పద్ధతి వాడాడు. స్ట్రా ఎందుకు పనిచేస్తుందో అమెరికాలో ఇంగో టిట్జె 2006లో భౌతికశాస్త్రం ప్రకారం వివరించాడు. కానీ సాధకుడికి కావలసిన తేడా వేరే ఉంది. స్ట్రా గాలిని అడ్డుకుంటుంది. లిప్ ట్రిల్ (పెదవులు బుర్రుమనిపించడం) గాలిని అడుగుతుంది. కాబట్టి గాలి ఒలకబోసే గొంతుకు స్ట్రా, గాలి బిగబట్టుకునే గొంతుకు లిప్ ట్రిల్.

స్ట్రా సంగతి వివరంగా చూద్దాం, ఎందుకంటే ఒక్కటే ఎంచుకోవాలంటే మా ఓటు దానికే. గాజు గ్లాసులో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు, 5–6 మిల్లీమీటర్ల బోలు ఉన్న మామూలు కూల్‌డ్రింక్ స్ట్రా. కొస నీటిలో 2–3 సెంటీమీటర్లు మునగాలి. ఇక్కడో సులువైన లెక్క ఉంది. కొస ఎన్ని సెంటీమీటర్లు మునిగితే బుడగ రావడానికి నోట్లో కనీసం అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడి కావాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు కింద ఉండే ఒత్తిడి 5 నుంచి 10 సెంటీమీటర్లు. అందుకే 2–3 సెంటీమీటర్లు సాధన, 8 సెంటీమీటర్లు కుస్తీ. లోతు పెంచితే బలం పెరుగుతుందనుకుని గ్లాసు అడుక్కి దించేవాళ్ళకు అరగంటలో గొంతు అలసిపోతుంది.

పెదవులు స్ట్రా చుట్టూ బిగువుగా, బుగ్గలు వదులుగా. ముందు ధ్వని లేకుండా బుడగలు మాత్రమే, అయిదు సెకన్లు. తర్వాత మధ్య షడ్జంలో ‘ఊ’ అంటూ ఊదండి. రెండు వేళ్ళతో ముక్కు మూసి చూడండి: ధ్వని ఏమాత్రం మారకూడదు. మారితే గాలి ముక్కులోంచి పోతోంది, అప్పుడీ సాధన సగం వృథా. ఇక మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా ఒకే జారుగా పైకి వెళ్ళి అలాగే కిందికి రండి, అయిదుసార్లు. చెవి పక్కనపెట్టి కంటితో బుడగల్ని చూడండి. అన్నిచోట్లా ఒకేలా గుడగుడలాడాలి. ఒకచోట హఠాత్తుగా పెద్ద బుడగలు ఎగిసి నీళ్ళు చిందితే అక్కడ తంత్రులు వదిలేసి గాలి తోశారు. ఒకచోట బుడగలు ఆగిపోతే అక్కడ గొంతు బిగించారు. మొదటి పరీక్షలో చెవికి తెలిసిన అతుకు ఇప్పుడు గ్లాసులో కనబడుతుంది. ఆ చోట ఆగకుండా, వేగం పెంచకుండా, ధ్వని తగ్గించి దాటడమే పని.

జారు నునుపుగా వచ్చాక మొదటి హెచ్చుస్థాయి వరుస మొత్తం స్ట్రాలోనే పాడండి. ఆ వెంటనే స్ట్రా తీసేసి, మధ్యలో మాట్లాడకుండా, అదే వరుసను ‘ఊ’తో, ఆపైన ‘ఓ’తో, చివరికి అకారంతో. ఈ చివరి మెట్టే చాలామంది వదిలేసేది. స్ట్రాలో అద్భుతంగా వచ్చి పాటలో రావట్లేదంటే కారణం తొంభై పాళ్ళు ఇదే. స్ట్రాతో వచ్చిన తీరు కాసేపే నిలుస్తుంది, ఆ వేడి మీదే అచ్చులోకి దించుకోవాలి. మొత్తం అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. అపార్టుమెంటులో గోడవతలివాళ్ళకు వినబడకుండా చేసుకోగలిగిన తారస్థాయి సాధన కూడా ఇదొక్కటే.

నీళ్ళు లేకుండా, జ్యూస్ ప్యాకెట్‌తో వచ్చే సన్న స్ట్రాలో ఊదడం తర్వాతి మెట్టు. దానిలో అడ్డు ఎక్కువ, బుడగల సాక్ష్యం ఉండదు. గాలి బాగా ఒలికే గొంతులకు ఇది ఇంకా మంచిది, కాని ముందు నీళ్ళతో రెండు వారాలైనా చెయ్యండి. సుమారు 35 సెంటీమీటర్ల సిలికాన్ గొట్టాన్ని నీళ్ళ సీసాలో పెట్టి ఊదే లాక్స్ వాక్స్ పద్ధతి మెత్తనిది, అలిసిన గొంతుకు ఉపశమనం. కచేరీ అయ్యాక వాడుకోవడానికి బాగుంటుంది.

లిప్ ట్రిల్ అంటే చిన్నపిల్లలు పెదవులు బుర్రుమనిపించే ఆటే, దానికి స్వరం కలపడం. గాలి సన్నగిల్లిన క్షణమే పెదవులు ఆగిపోతాయి, కాబట్టి భయంతో ఊపిరి బిగబట్టేవాళ్ళకు, స్వరానికి స్వరానికి మధ్య గొంతు మూసి తెరిచేవాళ్ళకు ఇది పోలీసులా పనిచేస్తుంది. రాకపోతే రెండు బుగ్గల్నీ చూపుడువేళ్ళతో నోటి మూలల దగ్గర కొంచెం పైకెత్తి పట్టండి, పెదవులు తడి చేసుకోండి. అప్పటికీ రాకపోతే వదిలెయ్యండి. తెలుగు నాలుకకు ‘ర్ర్ర్’ అని దొర్లించడం పుట్టుకతో వచ్చిన విద్య, దాంతో అదే పని జరుగుతుంది. ఒక్క జాగ్రత్త: పైకి వెళ్ళేకొద్దీ నాలుక మొదలు బిగుస్తుంది. గడ్డం కింద మెత్తని చోట బొటనవేలు పెట్టుకుని పాడండి, అది రాయిలా గట్టిపడితే ఆ స్వరం దగ్గర ఆగి వెనక్కి రండి.

గాలి ముందే ఎక్కువగా తోసేవాళ్ళు లిప్ ట్రిల్ ఎంచుకుంటే మాత్రం జబ్బు ముదురుతుంది. పెదవులు బ్రహ్మాండంగా బుర్రుమంటాయి, తారస్థాయి అంతా ఆయాసంతో నిండిపోతుంది.

ఊపిరి: ఎంత తీసుకోవాలి, ఎలా నిలపాలి

‘డయాఫ్రంతో తొయ్యి’ అన్న మాట విని ఎంతమంది పొట్ట బిగించి పాడుతున్నారో. డయాఫ్రం గాలిని లోపలికి తీసే కండరం, బయటికి తోయడం దాని పని కాదు. ఊపిరికి ఊతం ఇవ్వడమంటే, లోపలికి తీసే కండరాలు వెంటనే వదిలెయ్యకుండా, పక్కటెముకల గూడు కూలిపోకుండా కాసేపు ఆపి ఉంచడం. పొత్తికడుపు దాని వెనక మెల్లగా లోపలికి రావడం. బిందె ఎత్తేటప్పుడు పొట్ట బిగిస్తే గొంతు దానంతటదే మూసుకుంటుంది, గమనించండి. తారస్థాయికి ముందు పొట్ట రాయిచేసుకునేవాళ్ళకు జరిగేదీ అదే.

ఇప్పుడు ‘ఊపిరి ఎక్కువైంది’ అన్న మాటకు వద్దాం. ఊపిరితిత్తుల్ని పీకలదాకా నింపితే, మీరేమీ నొక్కకుండానే, వాటి సాగుడు గుణం వల్లే 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి చుట్టుపక్కలకు చేరుతుంది. మెల్లగా ఒక తార రిషభం పట్టడానికి అంత అక్కర్లేదు. ఆ మిగులును తంత్రులు ఆపాలి, లేదా పక్కటెముకల కండరాలు ఆపాలి. అలవాటు లేనివాళ్ళకు తంత్రులే బిగుసుకుంటాయి. పై స్వరం రాబోతోందని భుజాలెత్తి గుండెలనిండా పీల్చినవాడికే ఎక్కువగా గొంతు పట్టేస్తుంది. స్వరం పైకి వెళ్ళడానికి ముఖ్యంగా కావలసింది తంత్రులు సాగి పలచబడడం. ఒత్తిడి కొంచెమే పెరుగుతుంది, గాలి ఖర్చు పెద్దగా పెరగదు. ముప్పావు వంతు నింపుకుని, నడుముకు పైన చివరి పక్కటెముకల మీద రెండు చేతులు ఆనించి, వాక్యం మొదటి సగం దాకా ఆ చేతులు లోపలికి రాకుండా పాడడం నేర్చుకుంటే చాలు.

దీనికి సాధన ‘స్స్స్’. మెట్రోనోమ్ 60 మీద ఆదితాళం వేసుకుంటే ఒక ఆవర్తనం 8 సెకన్లు. నాలుగు అక్షరాల్లో పీల్చి, రెండు ఆవర్తనాలు ‘స్స్స్’ అనండి. వారానికో రెండు అక్షరాలు పెంచుకుంటూ మూడు ఆవర్తనాలకు చేరండి, 24 సెకన్లు చాలు. చూడాల్సింది కాలం కాదు, సమత్వం. ఫోను పక్కనపెట్టి రికార్డు చేసుకుంటే మొదట్లో ఉరుకు, చివర్లో వణుకు తెలిసిపోతాయి. ఇంకా ఊపిరి మిగిలి ఉండగానే ఆపండి. పూర్తిగా పిండేసే అలవాటు పాటలో చివరి అక్షరాన్ని నలిపేస్తుంది. అయితే ఈ సాధనకు ఒక హద్దు ఉంది. ఇందులో గాలికి అడ్డం నాలుక దగ్గర, తంత్రుల దగ్గర కాదు. 40 సెకన్లు ‘స్స్స్’ లాగి తార షడ్జాన్ని ఎనిమిది సెకన్లు నిలపలేనివాళ్ళు ఉంటారు. వాళ్ళు దీన్ని ఆపి స్ట్రాకు మారాలి.

కోవిడ్ తర్వాత చాలా ఇళ్ళలో మూడు బంతుల స్పైరోమీటర్ పడి ఉంది. దానిమీద 600, 900, 1200 అని ఉంటుంది, సెకనుకు ఎన్ని సీసీల గాలి పీలుస్తున్నారన్నది ఆ అంకెల అర్థం. ఆపరేషన్ అయినవాళ్ళ ఊపిరితిత్తులు తెరిపించడానికి చేసిన వస్తువది. మూడు బంతులూ లేపడం వేగంగా పీల్చడానికి కొలత, పాటలో కావలసింది నెమ్మదిగా వదలడం. దాన్ని అలాగే అటక మీద ఉంచండి.

ప్రాణాయామం గురించి అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెబుతున్నాం. భ్రామరి నేరుగా పనికొస్తుంది, అది నోరు మూసి చేసే హమ్మింగే. నాడీశుద్ధి మనసు నెమ్మదింపజేస్తుంది, కచేరీకి ముందు అంతకంటే కావలసింది లేదు. కపాలభాతిలో పొట్ట ఒక్క విదిలింపుతో గాలి కొడుతుంది, పాటకు అది పూర్తిగా తిరగేసిన అలవాటు. ఆరోగ్యానికి చేసుకుంటే చేసుకోండి, తారస్థాయి కోసం కాదు, పాడబోయే ముందు అసలే కాదు.

మంద్ర సాధన

మంద్రం గట్టిపడితే తారం దానంతట వస్తుందన్నది పెద్దల మాట. సగం నిజం. తెల్లవారుజామున తంత్రులు కొంచెం ఉబ్బి బరువుగా ఉంటాయి, కింది స్వరాలు ఆ వేళ సులువుగా పలుకుతాయి. చిన్న ధ్వనితో మంద్ర పంచమం దాకా దిగి నిలిస్తే గాలి కారే గొంతు మూసుకోవడం నేర్చుకుంటుంది, చెవి శ్రుతిలో కుదురుకుంటుంది. కానీ తంత్రుల్ని సాగదీసే పని మంద్రం నేర్పదు. పది నిమిషాలు చేసి పైకి రండి. మంద్రాన్ని నొక్కి పలికించి, గంభీరంగా ఉందని మురిసి, గొంతులో జీర తెచ్చుకున్నవాళ్ళకు తారస్థాయి ఇంకా దూరమవుతుంది.

‘రి’, ‘ని’ అనే రెండు దొంగలు

స్వరాలతో సాధన చెయ్యాలా, అకారంతోనా? ఈ ప్రశ్నకు జవాబు స్వరాల పేర్లలోనే ఉంది. స, గ, మ, ప, ద – అయిదింటిలోనూ అకారమే. రి, ని – రెండింటిలో ఇకారం. పైకి ఎక్కేటప్పుడు నిషాదం దగ్గర నోరు సన్నబడుతుంది, షడ్జంలో తెరుచుకుంటుంది, రిషభంలో మళ్ళీ సన్నబడుతుంది. అతుకు సరిగ్గా అక్కడే ఉన్నవాళ్ళకు ఇదో అదనపు దెబ్బ. ‘నా తార రిషభం ఎప్పుడూ కీచుమంటుంది’ అనేవాళ్ళు అదే స్వరస్థానాన్ని ‘రా’ అని పలికి చూడండి. కీచు పోతే గొంతు బాగానే ఉంది, అచ్చే అడ్డం వస్తోంది.

ఆడవాళ్ళకు దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ‘ఈ’, ‘ఊ’ పలికేటప్పుడు నోటి గుహ సహజంగా అందుకునే మొదటి ప్రతిధ్వని 300–400 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. తార పంచమం 622. స్వరం దాన్ని దాటి పైకి వెళ్ళిపోయింది, నోరు అలాగే సన్నగా ఉంచితే ధ్వని నిలబడదు. దవడ వదిలి ‘ఈ’ని ‘ఎ’ వైపు కొంచెం తెరవాలి. వినేవాళ్ళకు ‘ఈ’గానే వినబడుతుంది. మగవాళ్ళది తలకిందులు: అతుకు దగ్గర బారుగా తెరిచిన ‘ఆ’ అరుపుగా మారుతుంది, దాన్ని ‘ఓ’ వైపు ఒక వీసం ముడిస్తే దారి ఇస్తుంది. అందరినీ ‘నోరు బాగా తెరిచి పాడు’ అనడం అందుకే సగంమందికే సాయపడుతుంది.

కాబట్టి వరుసను మూడుసార్లు పాడండి: అకారంతో, తర్వాత ‘రా, నా’ అని మార్చిన స్వరాలతో, చివర మామూలు స్వరాలతో. కృతి నేర్చుకునేటప్పుడు కూడా తార సంచారం ఏ అక్షరం మీద పడుతోందో ముందు చూసుకోండి. అది ‘ఇ’ మీద పడితే ఆ సంచారాన్ని వారం రోజులు అకారంతో నిలబెట్టి అప్పుడు సాహిత్యం పెట్టండి.

నిండు గొంతా, తేలిక గొంతా, దొంగగొంతా?

ఫాల్స్ వాయిస్‌ను, అంటే పై స్వరాలకు వాడే పలచని గొంతును, పాతవాళ్ళు దొంగగొంతు అని ఈసడించేవారు. కచేరీలో వద్దనడానికి కారణం ఉంది: బలం ఉండదు, గమకం పట్టదు, కింది గొంతుతో అతుకు కనబడిపోతుంది. కానీ సాధనలో అది శత్రువు కాదు. తంత్రుల్ని సాగదీసే కండరం ఒంటరిగా పనిచేసేది ఆ గొంతులోనే. మగవాళ్ళు తార పంచమాన్ని దొంగగొంతులో మెల్లగా పట్టి, చీలకుండా కిందికి జారుతూ పై షడ్జం దాకా రాగలిగితే కలిపిన గొంతు (నిండు గొంతు, తేలిక గొంతు కలిసినది) పుడుతుంది. కింది నుంచి బలంతో ఎక్కడం కంటే పైనుంచి తేలికగా దిగడం త్వరగా ఫలిస్తుంది. రోజుకు ఆరేడుసార్లు చాలు.

ఏ గొంతు ఎంచుకోవాలన్నది ఎక్కడ పాడుతున్నారన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. పద్యనాటకంలో పద్యం చివర రాగం తీసి నిలబెట్టేవాడికి నిండు గొంతే కావాలి, కాని అచ్చు ముడవడం తెలియకపోతే ఆ గొంతు పదేళ్ళే. సినిమా పద్యంలో ఘంటసాల రాగాలాపన తగ్గించి సాహిత్యానికి ఎక్కువ చోటిచ్చారు. మైకు ముందు అది కుదిరింది. మైకుతో పాడేవాళ్ళు కలిపిన గొంతునే నమ్ముకోవచ్చు: మామూలుగా నాలుగు వేళ్ళ దూరం, తార సంచారంలో జానెడు. భజనల్లో ఎవరి శ్రుతో తెలియని శ్రుతిలో అందరూ కలిసి అరుస్తారు. అక్కడ మీకు అందని చరణాన్ని కింది స్థాయిలో పాడుకోవడం చిన్నతనం కాదు.

గొంతు మారుతున్న 12–15 ఏళ్ళ మగపిల్లలకు ఈ వ్యాసంలో సగం వర్తించదు. శ్రుతి నెలనెలా దిగుతూ ఉంటుంది, దిగనివ్వాలి. మధ్యస్థాయిలో వరుసలు, రోజుకు రెండు నిమిషాల స్ట్రా, తారస్థాయి మానెయ్యడం. పోటీ ఉందని పాత శ్రుతిలోనే పాడించడం పాపం.

పెద్దవాళ్ళకు రోజుకు పాతిక నిమిషాలు ఇలా పంచుకుంటే సరిపోతుంది: గాలి తోసేవాళ్ళు పది నిమిషాలు స్ట్రా, పది అకారం, అయిదు పైనుంచి దిగే జారు. బిగబట్టేవాళ్ళు స్ట్రాకు బదులు లిప్ ట్రిల్ పెట్టుకోవాలి. వాక్యం చివర పలచబడేవాళ్ళు ముందు అయిదు నిమిషాల ‘స్స్స్’ చేర్చుకోవాలి. ఒకేసారి అన్నీ చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నాలుగు వారాలకోసారి అదే వరుస, అదే శ్రుతి, అదే గదిలో రికార్డు చేసి పాతదానితో పక్కపక్కన వినండి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇక్కడి గురువుల దగ్గర జూమ్‌లో నేర్చుకునేవాళ్ళకు ఒక ముఖ్యమైన విషయం. జూమ్ నిలకడగా వచ్చే ధ్వనిని చప్పుడనుకుని నొక్కేస్తుంది. తంబురా మాయమవుతుంది, స్ట్రా బుడగలు వినబడవు, నిలిపిన షడ్జం మధ్యలో తెగుతుంది, పాపం గురువుగారు ‘ఊపిరి చాలట్లేదమ్మా’ అంటారు. ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అప్పుడు పాడండి.

ఎప్పుడు ఆపాలి

సాధన అయ్యాక గొంతు తేలికగా ఉండాలి. మాట్లాడే గొంతు పావుగంట తర్వాత కూడా బొంగురుగా ఉంటే ఆ రోజు మోతాదు మించింది. నొప్పి ఉంటే వెంటనే ఆపండి. గుసగుసలాడడం విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి. మెంథాల్ బిళ్ళ వేసుకుని పాడితే నొప్పి తెలియకుండా దెబ్బ తగులుతుంది. బుగ్గన పెట్టుకునే కరక్కాయ గానీ మిరియాల పాలు గానీ తంత్రులకు నేరుగా తగలవు, మింగినవి వెళ్ళే దారి వేరు. నోరూరించి గొంతు తడి చేసే మేరకు అవి మంచివే. రాత్రి పదింటికి పులిహోర తిని పడుకుని, పొద్దున్నే గొంతు పట్టేసిందనేవాళ్ళు ముందు భోజనం వేళ మార్చుకోవాలి. పుల్లత్రేన్పులు తంత్రులదాకా వస్తాయి.

బొంగురు రెండు మూడు వారాలు దాటితే, ఇదివరకు అందిన స్వరం హఠాత్తుగా పోతే, పాడుతుండగా ఒక్కసారిగా గొంతు పూర్తిగా ఆగితే సాధన మానేసి ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ‘గొంతు నొప్పి’ అని కాక ‘పాడతాను, ఫలానా స్వరం పోయింది’ అని చెప్పండి. స్ట్రోబోస్కోపీ ఉందా అని అడగండి. మామూలు టార్చి, అద్దం పరీక్షలో తంత్రులు కనబడతాయి గానీ అవి ఎలా కంపిస్తున్నాయో కనబడదు. ఆ వీడియో ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, మళ్ళీ ఏడాదికి ఇంకోటి తీస్తే పోల్చి చూడడానికి పనికొస్తుంది.